పాలూరులో పల్లు వెతికినవారు

గంజాం తీరపు ప్రాచీనతను గురించి ఎవరు రాసినా టాలమీతో మొదలుపెట్టక తప్పదు. క్రీ.శ. 2వ శతాబ్దిలో ఆయన 'పలౌర' అనే ఊరిని పేర్కొన్నాడు. స్వర్ణభూమికి పోయే ఓడలు తీరం వదిలి నడిసముద్రంలోకి తిరిగే చోటు దానికి దగ్గరలోనే ఉందన్నాడు. ఋషికుల్య మొగకు ఉత్తరాన, చిలిక అంచున ఉన్న మన పాలూరే అదని చాలామంది పండితుల అభిప్రాయం. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ 1925లో ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లేవీ వ్యాసంతో వచ్చింది. పలౌర అంటే పల్లు, ఊరు కలిసిన మాటట. కనుక బౌద్ధ గ్రంథాల దంతపురం ఇదేనట. బరంపురం తెలుగువాడికి చెవికింపైన మాటే. కాని ఊరివాళ్లు పలికేది దీర్ఘంతో, 'పాలూరు' అని. గ్రీకు లిపి ఆ దీర్ఘాన్ని చూపదు. పల్లు అనుకుంటే దంతపురం, పాలు అనుకుంటే మరొకటి! అటు శ్రీకాకుళం జిల్లా దంతవరపుకోట కూడా దంతపురం తానేనంటోంది. చివరి 'ఊరు' ద్రావిడ పదమని ఒప్పుకుందాం. అంతకు మించిన బరువు ఒక్క పేరు మీద మోపడం న్యాయం కాదు.

హిమాంశు ప్రభా రే 2003లో కేంబ్రిడ్జి ప్రచురించిన గ్రంథంలో రాజులనూ వర్తకులనూ దాటి, చేపలు పట్టేవారినీ పడవలు కట్టేవారినీ చరిత్రలోకి తెచ్చారు. మన తీరానికి కావలసిన చూపు ఇది. కార్తీక పూర్ణిమకు సాధవులను తలుచుకుంటాం. మరి సరుకును కెరటాలు దాటించినవాడెవడు? గోపాలపురం ఇసుక మీద నోళియాలు, అంటే తెలుగు మాట్లాడే వాడబలిజలూ జాలరులూ, మేకు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టి పడవ కట్టేవారు. మేకులు కొట్టిన పడవ ఆ కెరటాల దెబ్బకు విచ్చిపోతుంది. కుట్టు పడవ వంగి సర్దుకుంటుంది.

వీళ్లే పాలూరు నావికుల వారసులని నేననను. పూరీ నోళియాల్లో చాలామంది ఇటీవలి శతాబ్దాల్లో దక్షిణం నుంచి వెళ్లినవారే. అయినా మాణిక్యపట్న తవ్వకాల్లో దొరికిన చీనా పింగాణీ పెంకులు సరుకు సంగతి చెబుతాయి గాని పడవ సంగతి చెప్పవు. కొయ్య, తాడు ఉప్పు నేలలో నిలిచేవి కావు గదా! నిలిచింది చేతిపని, దాని మాటలు. ఫైబరు పడవలు వచ్చాక కుట్టు తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. 1936 సరిహద్దు తరవాత ఒడియా పండితుడికి ఆ మాటలు అర్థం కావు, తెలుగు పండితుడు ఇచ్ఛాపురం దగ్గరే ఆగిపోతాడు. కుట్టు తాడుకు, సందుల్లో కూరే పీచుకు, తెప్పలో ఒక్కొక్క దుంగకు పెంటకోట వాడల్లో పేర్లున్నాయి. నేను చదివిన పాలూరు వ్యాసాల్లో అవి ఒక్కటీ కనిపించలేదు.