వెంట వచ్చే విద్య

మైక్ సిలింజర్ అనే కెనడా ఆటగాడి పేరిట ఒక రికార్డు ఉంది. సాధించాలని ఎవరూ కోరుకోని రికార్డు అది. ఐస్ హాకీలో అన్నిటికన్నా పెద్దదైన నేషనల్ హాకీ లీగ్‌లో అతను ఆడిన జట్లు 12. ఇన్ని జట్ల చొక్కాలు తొడిగినవాడు మరొకడు లేడు. ఆటల పేజీలో చాలాకాలం పనిచేసినందువల్లో ఏమో, కప్పులు ఎత్తినవాళ్ల కథలకన్నా ఇలాంటి సంచారుల కెరీర్లే నా చేత పట్టిపట్టి చదివిస్తాయి. ఒకచోట నిలవనివ్వని వృత్తిలో మనిషి ఎలా నిలుస్తాడన్నదే నా కుతూహలం.

సిలింజర్‌ది కెనడాలోని రెజీనా. కుర్ర ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1989లో, డెట్రాయిట్ రెడ్ వింగ్స్ అందరికన్నా ముందు ఎంచుకున్నది అతణ్ణే. మొత్తం వరసలో 11వ వాడు. అదే ఏడు అదే జట్టు నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్‌ని 53వ స్థానంలో, సెర్గీ ఫెదొరోవ్‌ని 74వ స్థానంలో తీసుకుంది. వెనక వచ్చిన లిడ్‌స్ట్రోమ్ 20 సీజన్లు డెట్రాయిట్‌కే ఆడి, లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు 4 సార్లు గెలిచి, అక్కడే రిటైరయ్యాడు. ముందు వచ్చిన సిలింజర్ ఆడేది సెంటర్ స్థానం. అక్కడ అప్పటికే స్టీవ్ ఐజర్‌మన్ పాతుకుపోయాడు, ఫెదొరోవ్ కూడా వచ్చిపడ్డాడు. ఆ ఇద్దరి మధ్య మూడోవాడికి చోటు దొరకడమే గగనం. 1995లో అనహైమ్‌కి పంపేశారు. ఆ తర్వాత వ్యాంకూవర్, ఫిలడెల్ఫియా, టాంపా బే, ఫ్లోరిడా, ఒటావా, కొలంబస్, ఫీనిక్స్, సెయింట్ లూయీ, నాష్‌విల్, చివరికి న్యూయార్క్ ఐలాండర్స్.

కాంట్రాక్టులో ప్రత్యేకంగా రాయించుకుంటే తప్ప, ఇలా జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే ట్రేడ్ విషయంలో ఆటగాణ్ణి ఎవరూ అడగరు. ఫోను వస్తుంది, వెళ్లాలంతే. స్కేట్లు, స్టిక్కులు తన వెంట వస్తాయి. హెల్మెట్, గ్లవ్స్, ప్యాంటు మాత్రం కొత్త జట్టు రంగుల్లో అక్కడ సిద్ధంగా ఉంటాయి. బ్లేడు ఎంత పదునుగా సానపట్టాలో కొత్త సామాన్లతనికి మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాలి. సిలింజర్‌ని పదేపదే ఇలా ఇచ్చిపుచ్చుకున్నారు. 2003 జులైలో కొలంబస్ అతణ్ణి డాలస్‌కి ఇచ్చింది. డాలస్ అదే రోజు ఫీనిక్స్‌కి ఇచ్చేసింది. అప్పటికి అతని కొడుకు కోల్ పుట్టి రెండు నెలలు. రికార్డు పుస్తకాల్లో ట్రేడులు లెక్కపెడతారు కానీ, ఎత్తిన కాపురాల లెక్క ఎవరూ రాయరు.

ఇన్నిసార్లు వదిలించుకున్నవాణ్ణి ఇన్నిసార్లు ఎందుకు కోరి తెచ్చుకున్నారు? నాకు దొరికిన జవాబు ఫేసాఫ్.

ఆట ఆగి మళ్లీ మొదలయ్యే ప్రతిసారీ ఇద్దరు సెంటర్లు ఎదురెదురుగా నడుము వంచి, స్టిక్కులు మంచుకి ఆనించి నిలబడతారు. లైన్స్‌మన్ మధ్యలో పక్ వదులుతాడు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న రబ్బరు బిళ్ల అది. ఎగిరిపడకుండా ఉండాలని ముందే గడ్డకట్టిస్తారు. ఆటగాడు కింది చేతిని కర్ర మీద ఇంకా కిందికి జార్చి, లైన్స్‌మన్ చేతి మీదే చూపు నిలుపుతాడు. వేళ్లు సడలిన క్షణంలో ఎవరి మణికట్టు ముందు తిరిగితే పక్ వాళ్ల జట్టుది. మ్యాచ్‌లో పదుల సార్లు జరిగే ఈ తంతుని మామూలు ప్రేక్షకుడు పట్టించుకోడు. ఆఖరి నిమిషంలో, సొంత గోల్ పక్కనే, ఒక్క గోల్ ఆధిక్యంతో ఉన్న కోచ్ మాత్రం ఊపిరి బిగబట్టి చూస్తాడు.

సిలింజర్ ఇందులో దిట్ట. ఈ విద్యలో ఒక సుగుణం ఉంది: దీనికి పక్కవాడితో పరిచయం అక్కర్లేదు. చూడకుండానే పాస్ అందించాలంటే తోటివాడు ఎటు వస్తాడో తెలియాలి, అందుకు నెలలు పడుతుంది. ఫేసాఫ్ అలా కాదు. దిగిన రోజు రాత్రే పనికొస్తుంది. పత్రికలు మారిన సబ్ఎడిటర్లకి ఈ సంగతి తెలుసు. పాత ఆఫీసులో సంపాదించిన చనువు, పరపతి అక్కడే ఉండిపోతాయి. వెంట వచ్చేది కాపీ కుదించడం, శీర్షిక పెట్టడం.

అయితే పనితనం ఉద్యోగాన్ని కాపాడుతుంది కానీ చోటుని కాపాడదు. 2005-06లో, 34 ఏళ్ల వయసులో, సిలింజర్ 32 గోల్స్ కొట్టాడు. కెరీర్ మొత్తంలో అదే అతని మేటి సీజన్. అది కూడా రెండు ఊళ్ల మధ్య చీలిపోయింది. పట్టికలో వెనకబడ్డ సెయింట్ లూయీ అతణ్ణి జనవరిలో ప్లేఆఫ్స్‌కి సిద్ధమవుతున్న నాష్‌విల్‌కి ఇచ్చేసింది. ఓడిపోతున్న జట్టుకి బాగా ఆడే పెద్దవయసువాడు అమ్ముకోదగ్గ సరుకు. ఆడకపోతే తీసేస్తారు, ఆడితే అమ్ముతారు.

2009లో తుంటి గాయంతో ఆట మానేసేనాటికి అతను 1,049 మ్యాచ్‌లు ఆడాడు. స్టాన్లీ కప్పు ఒక్కటీ లేదు. అతను వెళ్లిపోయాక డెట్రాయిట్ గెలిచింది, టాంపా గెలిచింది, అనహైమ్ గెలిచింది. కొలంబస్‌లో పుట్టిన కోల్‌ని 2021 డ్రాఫ్ట్‌లో 12వ స్థానంలో ఎంచుకున్నది మాత్రం తండ్రిని ఇచ్చేసిన కొలంబస్ జట్టే.

లిడ్‌స్ట్రోమ్‌కి ఉన్నవి 4 కప్పులు, సిలింజర్‌కి ఉన్నవి 12 చొక్కాలు. ఆ తూకం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పక్కర్లేదు. కానీ లిడ్‌స్ట్రోమ్‌లు తరానికి ఒకరో ఇద్దరో. అలా కావడం ఎలాగో ఏ కోచ్‌కీ తెలియదు. వంగి నిలబడి, లైన్స్‌మన్ చేతిని చదవడం మాత్రం ఓపిక ఉంటే ఎవరైనా నేర్చుకోవచ్చు. కుర్రాళ్లకు కోచింగ్ ఇచ్చేవాళ్లు ఈ పాఠాన్ని కూడా సిలబస్‌లో పెడితే మంచిది.