రుడాల్ఫ్ పళ్లు, రాయల దండం

తిరుమల మహాద్వారం దాటగానే కుడిపక్క శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి రాగి విగ్రహాలై చేతులు జోడించి నిలబడి ఉంటారు. ఎడమపక్క రాతిలో అచ్యుతరాయలు, వరదాజమ్మ. రాగిలో చంద్రగిరి నుంచి ఏలిన వెంకటపతిరాయలు. వెనకనుంచి జనం తోసుకొస్తుంటే చాలామంది వీళ్లను చూడకుండానే లోపలికి వెళ్లిపోతారు.

వెంకటపతిరాయలు ఏలుతున్న రోజుల్లోనే ప్రాగ్ కోటలో చక్రవర్తి రెండో రుడాల్ఫ్ రసవాదులనూ జ్యోతిష్కులనూ పోషిస్తున్నాడు. ఆయన కోసం 1591 ప్రాంతంలో చిత్రకారుడు అర్చింబోల్దో 'వర్టుమ్నస్' గీశాడు. వర్టుమ్నస్ రోమన్ల రుతుదేవత; బొమ్మలో ఆ వేషం వేసింది రుడాల్ఫే. ముక్కు పియర్ పండు, ఒళ్లంతా కాయలు, పూలు, కంకులు. ఏ కాలపు పంటైనా ఆ ఒంట్లో ఒక్కసారే పండింది. రుతువులు కూడా రాజు చెప్పుచేతల్లోనే ఉన్నాయన్నది ఆ బొమ్మ మంత్రం. అయితే ఆ అర్థం విప్పడానికి కొమానిని అనే కవి పద్యం రాయాల్సి వచ్చింది.

తిరుమలలో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. రాజు దేవుడి వేషం వేయలేదు, దండం పెట్టాడు. దీన్ని వట్టి వినయమని సరిపెట్టేవాళ్లతో నేను ఏకీభవించను. కృష్ణరాయల తలమీది పొడవాటి కుళ్లాయి దిగలేదు, ఒంటిమీది నగలు తగ్గలేదు. 1513 నుంచి 1521 దాకా ఏడుసార్లు కొండకొచ్చాడు. ఉదయగిరి గెలిచాక, 1514లో, స్వామికి కనకాభిషేకం చేయించాడు. 1518లో ఆనందనిలయ విమానానికి బంగారు పూత పెట్టించాడు. దండయాత్రలకు పోయే మనిషి గుడిలో ఎల్లకాలం ఉండలేడు. ఆ లోటు రాగి తీర్చింది: రాజు ఎక్కడున్నా ఆయన దర్శనం ఆగదు. స్వామి దగ్గరకు వెళ్లే ప్రతి మనిషీ ఆయన్ను దాటే వెళ్లాలి. ఇంతకంటే గట్టి అధికార ప్రకటన నాకు తోచదు. వెంకటపతిరాయల బంగారు నాణెం మీదా రాజు ముఖం లేదు. స్వామి రూపం, వెనక 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అన్న అక్షరాలు.

చేతి పనితనంలో అర్చింబోల్దోదే పైచేయి. ఒక్కో కాయ నిగారింపు చూస్తూ గంట నిలబడొచ్చు. ఐతే 1648లో స్వీడన్ సైన్యం ప్రాగ్‌ను దోచుకున్నప్పుడు ఆ బొమ్మా పోయింది. ఇప్పుడది స్వీడన్‌లోని స్కూక్లోస్టర్ కోటలో ఉంది. అక్కడ చూసేవాళ్లకు ముందు కనిపించేది పళ్ల చమత్కారం, చక్రవర్తి తర్వాత. ఇక్కడ విజయనగరం పోయింది, చంద్రగిరి పోయింది, గుడి పెత్తనం మహంతుల చేతినుంచి 1933లో దేవస్థానానికి వచ్చింది. రాయలు మాత్రం భక్తుల వరసలోనే, అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు.