ఈ వారం మీది ఏ షిఫ్టు?

గోదావరిఖనిలో ఒక టీ పొడి కంపెనీ కోసం నేను నడిపిన మొదటి గ్రూప్ డిస్కషన్ ఇంకా గుర్తుంది. మనుషుల్ని కుదిర్చే పని బయటి ఊరి సంస్థకు అప్పగించాం. ఎనిమిది మంది వేళకు వచ్చారు, గడగడా మాట్లాడారు. మధ్యలో మాటవరసకు "ఈ వారం మీది ఏ షిఫ్టు?" అని అడిగాను. బొగ్గుబాయి కార్మికులమని పేరు రాయించుకున్న ముగ్గురు నీళ్లు నమిలారు. షిఫ్టు వారం వారం మారే పనిలో ఉన్నవాడు నిద్రలో లేపి అడిగినా ఆ మాట చెబుతాడు. ఆ రోజు రికార్డు చేసిందంతా పక్కన పెట్టేశాను.

రెండోసారి లక్ష్మీనగర్‌లో ముగ్గురితో నడిచే చిన్న సంస్థను పట్టుకున్నాను. దాన్ని చూసుకునే ఆవిడ ముందుగా మా టైమునే కొట్టేసింది. "పొద్దున పదింటికి పెడితే నైట్ షిఫ్టోళ్లు పండుకుంటరు సార్, ఫస్ట్ షిఫ్టోళ్లు బాయిల ఉంటరు. ఇగ మీకు దొరికేది ఎవరు?" ఏడింటికి దిగి మూడింటికి పైకొచ్చేవాళ్లను, స్నానం, తిండి అయ్యాక ఐదింటికి కూర్చోబెట్టింది.

పర్మినెంటు వాళ్లనూ కాంట్రాక్టు కార్మికులనూ ఒకే గదిలో కలపనివ్వలేదు. ఇద్దరి జీతాలకూ చాలా తేడా. ధర మాట వచ్చేసరికి కాంట్రాక్టు మనిషి నోరు విప్పడని ఆమెకు తెలుసు. ఆడవాళ్లకు క్వార్టర్ల దగ్గరే వేరే గ్రూపు పెట్టింది. ఎనిమిది మంది కోసం పదిమందికి చెప్పి ఉంచింది. పదిమందీ వస్తే, మిగిలిన ఇద్దరికీ ఒప్పుకున్న డబ్బు ఇచ్చి పంపింది. ఒక పూట వదులుకుని వచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపితే మరోసారి ఆ వాడకట్టులో ఎవరూ తలుపు తీయరు.

1940లలో అమెరికాలో సామాజిక శాస్త్రవేత్తలు రాబర్ట్ మెర్టన్, పాల్ లాజర్స్‌ఫెల్డ్ రేడియో శ్రోతలను కూర్చోబెట్టి అడిగిన నాటి నుంచి ప్రశ్న వేసే నేర్పు మీద ఎన్నో పుస్తకాలు వచ్చాయి. గదిలోకి తగిన మనిషి రాకపోతే ఆ నేర్పంతా వృథా.

రామగుండం, గోదావరిఖని వైపు ఇలాంటి సంస్థను వెతికేవారికి నా మాట ఒకటే. ధర అడిగే ముందు, "ఈ ఆరు నెలల్లో ఏ గ్రూపులోనూ కూర్చోని మనిషిని ఎలా పట్టుకొస్తారు?" అని అడగండి. వాడకట్టు పేరు, షిఫ్టు వేళ చెప్పి జవాబిచ్చినవాళ్లకే పని ఇవ్వండి.