మ్యూట్‌లో విక్రమార్కుడు

జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుంది. చెబితే మౌనం చెడి, మోసుకొస్తున్న శవం మళ్లీ చెట్టెక్కుతుంది. విక్రమార్కుడికి బేతాళుడు పెట్టిన షరతు ఇది. హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలకు బేతాళ కథ చెబితే ఈ షరతు దగ్గరే మొదటి నవ్వు వినిపిస్తుంది. సోమవారం పొద్దున కాల్‌లో ఇరవై మంది ఉంటారు. సర్వర్ ఎందుకు పడిపోయిందో వాళ్లలో ఒకరికి తెలుసు. అన్‌మ్యూట్ చేసి చెబితే ఆ పని ఆ మనిషి నెత్తినే పడుతుంది. నోరు మూసుకుంటే రాత్రికి ఆన్‌కాల్ ఫోను మోగుతుంది. "మా మేనేజరే బేతాళుడండీ" అని ఒక కుర్రాడు నాతో అన్నాడు. "బేతాళుడు చివరికి మేలు చేసేవాడు నాయనా, కథ పూర్తిగా విను" అన్నాను.

ఈ కథల పుట్టుక మనకు మరీ దూరమేమీ కాదు. గుణాఢ్యుడు శాతవాహనుల కొలువులో ఉండి పైశాచీ భాషలో బృహత్కథ రాశాడని సంప్రదాయం చెబుతుంది. ఆ గ్రంథం మనకు దక్కలేదు. దాన్ని ఆధారం చేసుకుని 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు సంస్కృతంలో కథాసరిత్సాగరం రాశాడు. బేతాళుడి పాతిక కథలూ అందులో ఉన్నాయి. సోమదేవుడి దగ్గర రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానం. తెలుగులో 15వ శతాబ్దానికే కొరవి గోపరాజు విక్రమార్కుడి సింహాసనం కథలను కావ్యంగా మలిచాడు. అప్పటినుంచీ ఆ రాజు మన ఇంటివాడే.

ఈ కథల పనితనమంతా ప్రశ్నలో ఉంది. కథ నడుస్తున్నంతసేపూ బేతాళుడు నీతి చెప్పడు. ముగ్గురినో నలుగురినో పక్కపక్కన నిలబెడతాడు. అందరూ ఇంచుమించు సమానంగా మంచివాళ్లో, సమానంగా తప్పు చేసినవాళ్లో అయి ఉంటారు. వీళ్లలో ఎవరు గొప్ప, ఎవరిది దోషం అని అడుగుతాడు. వినేవాడి మనసులో ఒక జవాబు అప్పటికే తయారై ఉంటుంది. రాజు వేరే జవాబు చెబుతాడు, కారణం కూడా చెబుతాడు. ఆ కారణం వినగానే ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత మనం అనుకున్న జవాబు పలచబడిపోతుంది. మందారవతి కథే చూడండి. చనిపోయిన ఆ అమ్మాయిని పెళ్లాడాలనుకున్న ముగ్గురిలో ఒకడు ఆమె బూడిద మీదే పడుకుని శ్మశానంలో ఉండిపోతాడు. ఒకడు ఎముకలు గంగకు తీసుకెళతాడు. మూడోవాడు మంత్రం సంపాదించుకొచ్చి ఆమెను బతికిస్తాడు. బతికించినవాడికే పిల్ల దక్కాలని అందరం అనుకుంటాం. రాజు మాత్రం ప్రాణమిచ్చినవాడు తండ్రితో సమానం, అస్థికలు మోసినవాడు కొడుకుతో సమానం, బూడిదను విడవకుండా పక్కనే ఉన్నవాడే భర్త అంటాడు. కోడు రాసి గట్టెక్కించినందుకు ప్రాజెక్టంతా తనదేననుకునే కుర్రవాళ్లు ఈ తీర్పు విని గొల్లున నవ్వుతారు. ఆ వెంటనే కాసేపు ఎవరూ మాట్లాడరు.

సింహం కథ ఈ ఊరి కోసమే పుట్టిందా అనిపిస్తుంది. నలుగురు అన్నదమ్ములు దేశాలు తిరిగి తలొక విద్య నేర్చుకొస్తారు. ఎముక దొరికితే దానికి మాంసం పట్టించగలడు ఒకడు. చర్మమూ వెంట్రుకలూ తెప్పించగలడు ఇంకొకడు. అవయవాలన్నీ పూర్తి చేయగలడు మూడోవాడు. ప్రాణం పోయగలడు నాలుగోవాడు. అడవిలో వాళ్లకు ఒక ఎముక దొరుకుతుంది. అది ఏ జంతువుదో చూడకుండా వరసగా పని కానిస్తారు. సింహం లేచి నలుగురినీ తినేస్తుంది. తప్పెవరిది? మొదటి ముగ్గురికీ అది ఏమవుతుందో తెలియదు, సింహం ఆకారం కళ్లెదుట కనిపిస్తున్నా ప్రాణం పోసినవాడిదే దోషం అంటాడు రాజు. ప్రొడక్షన్‌లోకి రిలీజ్ చేసేవాళ్లకు ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు? పంచతంత్రంలో ఇదే కథకు ఇంకో రూపం ఉంది. అందులో ఒక తెలివైనవాడు ముందే చెట్టెక్కి బతికిపోతాడు. నాకు బేతాళుడి రూపమే ఇష్టం. అందులో చెట్టెక్కే అవకాశం ఎవరికీ లేదు, కాబట్టి వినేవాడు తాను ఆ నలుగురిలో ఎవరో తేల్చుకోక తప్పదు.

ఏడు పరుపుల కథలో నవ్వు ఇంకా ఎక్కువ. అన్నంలో శ్మశానం పొగ వాసన పసిగట్టేవాడు ఒకడు, స్త్రీ దగ్గర మేకపాల వాసన పసిగట్టేవాడు ఇంకొకడు, ఏడు పరుపుల అడుగున ఉన్న వెంట్రుక ఒంటికి గుచ్చుకుందని లేచి కూర్చునేవాడు మూడోవాడు. ముగ్గురిలో ఎవరు ఎక్కువ సుకుమారుడని అడిగితే రాజు మూడోవాడికే ఓటేస్తాడు. మిగతా ఇద్దరికీ ఆ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉండొచ్చు, ఇతని ఒంటి మీద మాత్రం వెంట్రుక గుర్తు కనిపిస్తోంది. టెస్టింగ్ టీమ్‌లో ఒకమ్మాయి ఇది విని, "అంటే స్క్రీన్‌షాట్ పెట్టినవాడిదే గెలుపు" అంది. కథ పట్టుబడిందనడానికి ఇంకేం కావాలి?

నేను ఎక్కువసేపు ఆగేది పాము విషం కథ దగ్గర. ఆకలితో వచ్చిన బ్రాహ్మడికి ఒక ఇల్లాలు అన్నం పెడుతుంది. అతను దాన్ని చెరువుగట్టున చెట్టు కింద పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళతాడు. పామును పట్టుకున్న గద్ద వచ్చి ఆ చెట్టు మీద వాలుతుంది. పాము నోట్లోంచి విషం అన్నంలో పడుతుంది. బ్రాహ్మడు తింటాడు, విషం పెట్టావని ఆ ఇల్లాలిని నిందించి ప్రాణాలు విడుస్తాడు. భర్త ఆమెను ఇంట్లోంచి వెళ్లగొడతాడు. పాపం ఎవరికి? పాము శత్రువు చేతిలో చిక్కి ఉంది, దానికి దోషం లేదు. గద్ద తన ఆహారం తాను తెచ్చుకుంది. ఆలుమగలు ధర్మానికి అన్నం పెట్టారు. ఆలోచించకుండా వీళ్లలో ఎవరో ఒకరిదే పాపమని అనేవాడికే ఆ పాపం చుట్టుకుంటుందని రాజు తీర్పు చెబుతాడు.

పెద్ద సిస్టమ్ పడిపోయాక కంపెనీల్లో పోస్ట్‌మార్టమ్ అనే సమావేశం జరుగుతుంది. అందులో మనుషుల మీద నింద వేయకూడదని 2012లో ఎట్సీ అనే కంపెనీ ఇంజనీరు జాన్ ఆల్‌స్పా రాశాడు. 2016లో వచ్చిన గూగుల్ ఎస్ఆర్ఈ (సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్) పుస్తకం కూడా అదే పద్ధతిని గట్టిగా చెప్పింది. ఎవరు చేశారని కాదు, ఏ ఏ పరిస్థితులు కలిస్తే ఇలా జరిగిందని అడగాలి. బేతాళుడి కథ ఆ మాట దాదాపు వెయ్యేళ్ల ముందే అడిగింది. అయితే ఈ కథలో నన్ను బాధపెట్టేది ఒకటుంది. రాజు ఆ ఇల్లాలిని నిర్దోషి అన్నాడు గానీ, ఆమెను ఇంటికి తిరిగి పిలిచారా అన్న సంగతి ఎవరూ అడగరు. ఆఫీసుల్లోనూ అంతే. రిపోర్టు నిందలు లేకుండా చక్కగా వస్తుంది. అర్ధరాత్రి మెయిల్లో పేరు ఎక్కిన పిల్ల మాత్రం నెలల తరబడి కాల్‌లో నోరు తెరవదు. కథ చెప్పినప్పుడల్లా ఆ ఇల్లాలు ఏమైందని నేనే అడుగుతాను, ఎందుకంటే రాజు అడగలేదు.

తెలుగువాళ్లకు ఈ ఒడుపు అలవాటు చేసింది చందమామ. 1947 జులైలో మొదలైన ఆ పత్రికను 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు నడిపించారు. అందులో పాతిక బేతాళ కథలూ అయిపోయాక కొత్త కథలను అదే చట్రంలో పోశారు. ఆ కొత్త కథల్లో ప్రశ్న మారింది. ఎవరు గొప్ప అనే దానికి బదులు, ఫలానావాడు అలా ఎందుకు చేశాడు అని బేతాళుడు అడగసాగాడు. చేతికొచ్చిన రాజ్యాన్ని వదులుకున్నవాడు పిచ్చివాడా, దానికో కారణం ఉందా? కొన్ని నెలల్లో రాజు జవాబు మరీ సులువుగా ఉండేదన్నది నిజమే. అయినా ఎదుటివాడి చేష్ట వెనక కారణం వెతకడం పిల్లలకు నెలనెలా సాధన అయింది. చిత్రకారుడు శంకర్ గీసిన బొమ్మలో కత్తి పట్టిన రాజూ, భుజాన శవమూ చూడగానే ఆ సాధన మొదలయ్యేది. 1985లో దూరదర్శన్ హిందీలో విక్రమ్ ఔర్ బేతాళ్ ప్రసారం చేసింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఇక్కడ ఉద్యోగాల్లో చేరినవాళ్లలో చాలామంది ఈ రెండింటితో పెరిగినవాళ్లే.

వాళ్ల తర్వాతి తరం హాస్టల్ గదుల్లో ల్యాప్‌టాప్ ముందు అమెరికా పిశాచాల సీరియళ్లు చూసి పెరిగింది. అందులో చిన్నచూపు చూడాల్సిందేమీ లేదు. 1997 నుంచి 2003 దాకా నడిచిన బఫీ ద వాంపైర్ స్లేయర్‌లో హైస్కూలు పిల్లల కష్టాలే దయ్యాల రూపంలో వస్తాయి. ఎవరూ పట్టించుకోని పిల్ల ఒక ఎపిసోడ్‌లో నిజంగానే కంటికి కనిపించకుండా పోతుంది. 1999 డిసెంబరులో వచ్చిన హష్ అనే ఎపిసోడ్‌లో పిశాచాలు ఊరందరి గొంతులూ దొంగిలిస్తాయి. మాట పోయాకే అందులో మనుషులు ఒకరినొకరు సరిగా చూసుకుంటారు, బఫీకి గొంతు తిరిగొచ్చి వేసిన కేక పిశాచాలను చంపుతుంది. ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నది అక్కడా ప్రాణం మీదికొచ్చే సంగతే. తేడా ఒకటుంది. ఆ సీరియల్లో జవాబు కథలోనే దొరుకుతుంది, బేతాళుడు వినేవాడి చేత చెప్పిస్తాడు. అందుకే జట్టుగా కూర్చున్నవాళ్లకు బేతాళుడే ఎక్కువ పనికొస్తాడని నా నమ్మకం.

చివరి ప్రశ్నకు రాజు దగ్గర జవాబు లేదు. తండ్రి కూతురినీ, కొడుకు తల్లినీ పెళ్లాడితే, ఆ రెండు జంటల పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? రాజుకు తెలియలేదు, నోరు విప్పకుండా నడిచాడు. తెలియక ఊరుకుంటే షరతు వర్తించదు, శవం భుజం మీదే ఉండిపోయింది. ఆ మౌనానికి మెచ్చిన బేతాళుడు, శవాన్ని మోసుకురమ్మని రాజును పంపిన సన్యాసి ఆ రాజునే బలివ్వబోతున్నాడని హెచ్చరించి, తప్పించుకునే ఉపాయం చెప్పాడు. తెలిసినవాటికల్లా జవాబు చెప్పి ప్రతిసారీ వెనక్కి నడిచిన రాజు, తెలియనిచోట ఆగి గమ్యం చేరాడు.

మీ టీమ్‌లో ఈసారి రిలీజ్ దెబ్బతిన్నప్పుడు, సమావేశానికి ముందు పాము కథో సింహం కథో చెప్పి చూడండి. రాజు జవాబు మాత్రం ఒక అరగంట దాచిపెట్టండి. అందరికన్నా చిన్న ఉద్యోగిని ముందు మాట్లాడనివ్వండి.