పాత బ్యాటరీకి గృహవైద్యము

మూడు నాలుగేండ్లు వాడిన ల్యాప్‌టాప్ బ్యాటరీ గంటసేపైనను నిలువనప్పుడు, దానిని ఇంటిలోనే బాగుచేయు ఉపాయములు అనేకము వినవచ్చును. ఫ్రిజ్‌లో పెట్టుమని కొందరు, బయటి విద్యుత్తుతో తట్టి లేపుమని కొందరు, పెట్టె విప్పి చెడిన ఘటములను మార్చుమని మరికొందరు చెప్పుదురు. ఈ ఉపాయములన్నింటికి ఒకే లోపమున్నది. రోగమేదో నిర్ణయింపకయే ఇవి మందు చెప్పుచున్నవి.

నేటి ల్యాప్‌టాప్‌లలో ఉండునది లిథియం-అయాన్ బ్యాటరీ. ఇది 1991లో విపణికి వచ్చినది. దీని అభివృద్ధికి గాను గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. చార్జి చేయునప్పుడు లిథియం అయానులు ధనధ్రువమునుండి బయలుదేరి గ్రాఫైట్ పొరల నడుమ చేరును. వాడునప్పుడు తిరిగి వచ్చును. ఈ రాకపోకలలో కొంత లిథియం, గ్రాఫైట్‌పై ఏర్పడు పలుచని పొరలో చిక్కి పనికిరాకుండ పోవును. కాలము గడచినకొలది ఆ పొర దళసరియగును. లోపలి నిరోధము పెరుగును. బ్యాటరీ వార్ధక్యమునకు ముఖ్యకారణమిదే. చిక్కిన లిథియమును విడిపించు సాధనము ఇంటిలో లేదు.

ఇక ఫ్రిజ్ వైద్యము చూడుడు. చలిలో రసాయనచర్యలు మందగించును గనుక, బ్యాటరీని నిలువయుంచుటకు చల్లని తావు మేలన్నది నిజమే. కాని మందగించుట వేరు, వెనుకకు మరలుట వేరు. పైగా 0 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువ ఉష్ణోగ్రతలో చార్జి చేసినచో, లిథియం గ్రాఫైట్‌లోనికి పోక దాని పైననే లోహముగా పేరుకొనవచ్చును. అది వైద్యము కాదు, కొత్త రోగము.

తట్టి లేపుట ఇంకను ప్రమాదకరము. నికెల్-కాడ్మియం ఘటములలో వెండ్రుకలవంటి లోహతంతువులు పెరిగి రెండు ధ్రువములను కలుపుట కలదు. బలమైన విద్యుత్ప్రవాహముతో వాటిని కాల్చివేయుట కొన్నాళ్లు పనిచేసెడిది. ఆ చిట్కాయే ఇచటికి దిగుమతియైనది. లిథియం ఘటము సంగతి వేరు. దాని వోల్టేజి మితిమీరి పడిపోయినప్పుడు గ్రాఫైట్ వెనుకనున్న రాగిరేకు కరగుట మొదలిడును. మరల చార్జి చేసినచో ఆ రాగి లోపలనే పేరుకొని షార్ట్ సర్క్యూట్ కలిగింపవచ్చును. లోపలి ద్రవము మండెడి స్వభావము గలది. కావున రక్షణ సర్క్యూటు చార్జిని నిరాకరించుట లోపము కాదు, హెచ్చరిక.

ఘటములు మార్చుట సిద్ధాంతరీత్యా సాధ్యమే. అయినను కొత్త పాత ఘటములు వరుసలో కలిసినచో బలహీనమైనది ముందుగా అలసిపోవును. వేడిచేసి అతుకు పెట్టుట ఘటమునే చెరచును.

అయినచో బాగుపడినదని చెప్పువారందరు అబద్ధమాడుచున్నారా? కానక్కరలేదు. బ్యాటరీలో ఎంత చార్జి మిగిలినదో సర్క్యూటు అంచనా కట్టి చూపును. ఆ అంచనా ఒక్కొక్కప్పుడు తప్పును. 30 శాతమని చూపుచునే యంత్రము ఆగిపోవును. ఒకసారి పూర్తిగా చార్జి చేసి, దానంతటది ఆగువరకు వాడి, మరల నిండుగా చార్జి చేసిన అంచనా సరిపడవచ్చును. సరిపడినది లెక్క మాత్రమే. గడియారము ముల్లు సరిదిద్దినంతమాత్రమున రోజునకు ఇరువదియైదు గంటలు రావు.

ఈ విషయమును తరగతిలో పెట్టె విప్పకయే పరీక్షింపవచ్చును. తయారైననాటి సామర్థ్యమును, నేటి పూర్తి చార్జిని కంప్యూటరు తన బ్యాటరీ నివేదికలో చూపును. మొదటిది 48 వాట్-గంటలు, రెండవది 24 అయినచో మిగిలినది సగమే. ఏ చిట్కాకైనను ముందు, తరువాత నిజముగా ఎంతసేపు నడచినదో కొలిచి చూడవలెను. కొలతకు నిలువని వైద్యమును నమ్మరాదు.

ఉబ్బిన బ్యాటరీకి మాత్రము ఏ పరీక్షయు వలదు. దానిని వాడరాదు, నొక్కరాదు, పొడువరాదు. భారతదేశమున 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు పాత బ్యాటరీలను సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచినవి. చెత్తకుండీలో వేయక సేకరణ కేంద్రమునకు చేర్చినచో, అందలి కోబాల్టు, నికెల్, రాగి మరల వాడుకలోనికి వచ్చుటకు వీలగును. పాత బ్యాటరీకి నిజమైన పునర్జన్మ అదియే.