శ్రవ్యగ్రంథములు – బాల్యపు మనోగాయములు

బాల్యమున తగిలిన మనోగాయమును తమంతట తాము మాన్పుకొనుటకు నేడు పలువురు శ్రవ్యగ్రంథములను ఆశ్రయించుచున్నారు. అట్టి వానిలో మనోవైద్యుడు బెసెల్ వాన్ డెర్ కోల్క్ 2014లో ప్రకటించిన ‘ది బాడీ కీప్స్ ది స్కోర్’ ప్రసిద్ధము. నాటి భయము మనస్సునందే గాక శరీరమునందును నిలిచియుండునని ఆయన వివరించెను. తన వ్యథకు పేరు తెలియని శ్రోతకు ఇది మహోపకారము.

అయినను, ఇందు హింసకు గురియైన శిశువుల వృత్తాంతములు పెక్కులు కలవు. అచ్చుపుస్తకమున చదువరి కన్ను ముందుగనే పసిగట్టి ఆ పుటను దాటిపోగలదు; చెవికి ఆ వెసులుబాటు లేదు. ఈ దోషము గ్రంథమునది కాదు, శ్రవ్యరూపమునది. కోలుకొనుటకు తొలిమెట్టు భద్రత యనియు, స్మరణము పిదపనే యనియు, స్వస్థత ఒంటరితనమున గాక తోడివారి సాంగత్యముననే కలుగుననియు జూడిత్ హెర్మన్ 1992లోనే చెప్పియుండెను. యంత్రకంఠము పలుకును గాని ఆలకింపదు.

ఇది మనకును సంబంధించిన విషయమే. తమిళనాట 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిదప తెలుగు బడిచదువు సన్నగిల్లినది. తెలుగు మాటలాడియు చదువనేరని బిడ్డలు మన యిండ్లలోనే యున్నారు. వారికి ఇట్టి గ్రంథములను తెలుగున వినిపింపవలెను. ఏలయన, గాయపడిన నాడు వారి చెవినబడిన భాష అదియే. కాని దుస్సహమైన ప్రతి ఘట్టమునకు ముందు ఒక హెచ్చరికయు, విన్న పిమ్మట వారి మాట ఆలకించు ఆప్తుడొకడును తప్పక యుండవలెను.