ఆగగలిగే దాకా ఆగండి

2025 సెప్టెంబరు 28న న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియంలో న్యూయార్క్ జెయింట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆ సీజన్‌లో తొలి గెలుపు అందుకుంది. ఆ ఆటలోనే తన దాడికి ప్రాణమైన కుర్రాణ్ని పోగొట్టుకుంది. దూరంగా వచ్చిన బంతి కోసం పైకెగిరిన మలిక్ నేబర్స్ కిందికి దిగేటప్పుడు కుడి మోకాలు అదుపు తప్పి, లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. అప్పటికి అతనికి 22 ఏళ్లు. లూసియానా స్టేట్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఈ వైడ్ రిసీవర్‌ను జెయింట్స్ 2024లో, కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా తీసుకునే డ్రాఫ్ట్‌లో ఆరో ఆటగాడిగా ఎంచుకుంది. తొలి ఏడాదే 15 ఆటల్లో 109 బంతులు పట్టి 1,204 గజాలు సాధించాడు. ఆ ఏడాది తలకు దెబ్బ తగిలి రెండు ఆటలు ఆడలేదు. కాలి బొటనవేలి బాధ కొన్నాళ్లుగా ఉంది. ఇప్పుడు మోకాలు. ఈ మూడూ కలిపి చూసినవాళ్లు అతను గాయాల పుట్ట అనీ, ఎంత ప్రతిభ ఉన్నా ఒంటి మీద నమ్మకం పెట్టుకోలేమనీ అంటున్నారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది. తలకు తగిలిన దెబ్బకూ మోకాలు తెగడానికీ సంబంధం ఏమిటి? కారణాలు వేరైన మూడు గాయాలను ఒక తాడుకు గుచ్చి దాన్ని ఆటగాడి స్వభావంగా చెప్పడం తేలిక. దానివల్ల అసలు అడగాల్సిన ప్రశ్న పక్కకు పోతుంది. నేబర్స్ విషయంలో భయపడాల్సింది అతని మోకాలిని చూసి కాదు, ఆ మోకాలిని మళ్లీ మైదానంలోకి దించాలన్న తొందరను చూసి.

ఎందుకో చెప్పాలంటే ముందు వైడ్ రిసీవర్ పనితనం ఎక్కడుందో చూడాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌తో పెద్దగా పరిచయం లేనివాళ్లకు అతను వేగంగా పరిగెత్తి బంతి పట్టుకునే మనిషిగా కనిపిస్తాడు. వేగం ఉండాల్సిందే. అయితే వేగం ఒక్కటే అయితే అతన్ని కాచుకుని ఉండే కార్నర్‌బ్యాక్ కూడా అంతే వేగంగా పరిగెడతాడు, ఇద్దరి మధ్య మూరెడు జాగా కూడా దొరకదు. ఆ జాగా పుట్టేది ఆగడంలో. రిసీవర్ ఎదుటివాడి మీదికి నిండు వేగంతో దూసుకెళ్తాడు, వీడు ఇంకా ముందుకే పోతాడని అతన్ని నమ్మిస్తాడు, అతను వెనక్కి తిరిగి పరుగందుకోగానే నడుము దించి రెండు మూడు అంగల్లో తన వేగమంతా చంపేసి పక్కకో వెనక్కో తిరుగుతాడు. క్వార్టర్‌బ్యాక్ అప్పటికే బంతి విసిరి ఉంటాడు. రిసీవర్ తిరిగిన చోటు ఒక గజం అటూ ఇటూ అయినా, అర సెకను ఆలస్యమైనా ఆ బంతి ప్రత్యర్థి చేతుల్లో పడుతుంది. ఇదంతా కళ్లు బంతి మీద పెట్టి, కాలు ఎక్కడ పడుతోందో చూసుకోకుండా చేయాలి. గాల్లోకి లేచి బంతి అందుకున్నప్పుడు మరీ కష్టం. ఒళ్లు ఒక వైపు తిరిగి ఉంటుంది, చేతులు తల పైన ఉంటాయి, ఒంటి బరువంతా ఒక్కోసారి ఒకే కాలి మీద దిగుతుంది. ఈ కళలో ఆరితేరినవాళ్లను చూస్తే నాకు వాళ్ల పరుగుకన్నా వాళ్లు ఆగే తీరే అద్భుతంగా కనిపిస్తుంది.

గాయాలు పుట్టేదీ అక్కడే. తొడ ఎముక కింద పిక్క ఎముక ముందుకు జారిపోకుండా, మోకాలు అడ్డంగా మెలిపడకుండా పట్టి ఉంచేది ఏసీఎల్. ఎవరూ తగలకుండానే అది తెగే సందర్భాలు ఎక్కువగా మూడు: హఠాత్తుగా ఆగడం, దిశ మార్చడం, ఎగిరి దిగడం. మోకాలు దాదాపు నిటారుగా ఉన్నప్పుడు తొడ ముందరి కండరం బలంగా బిగిస్తే పిక్క ఎముకను అదే ముందుకు లాగుతుంది. ఆ బరువంతా లిగమెంట్ మీద పడుతుంది. రిసీవర్లను తరచూ వేధించే తొడ వెనక కండరం కూడా, ముందుకు విసిరిన కాలిని వెనక్కి పట్టి ఆపే పనిలో ఉన్నప్పుడే చిరుగుతుంది. అంటే ఈ ఆటగాడికి అన్నం పెట్టే పనీ, అతన్ని మంచాన పడేసే పనీ ఒకటే. కానీ మనం కొలిచేదేమిటి? ఏటా ఇండియానపోలిస్‌లో డ్రాఫ్ట్‌కు ముందు కుర్రాళ్లను 40 గజాలు తిన్నగా పరిగెత్తించి సెకన్లు లెక్కపెడతారు. ఆటగాళ్ల భుజాల ప్యాడ్లలో చిప్‌లు పెట్టి గంటకు ఎన్ని మైళ్లు పరిగెత్తాడో టీవీ తెర మీద చూపిస్తారు. గాయం నుంచి తేరుకుంటున్నవాడు ఖాళీ మైదానంలో తిన్నగా పరిగెత్తే వీడియో బయటికి రాగానే అభిమానులు అతను సిద్ధమైపోయాడని పండగ చేసుకుంటారు. మోకాలు బాగుపడుతున్న క్రమంలో తిన్నటి పరుగు ముందే వచ్చేస్తుంది. ఎదుటివాడి కదలికకు తగ్గట్టు అప్పటికప్పుడు ఆగి తిరగగలగడం చివరికి గానీ రాదు. చివర రావాల్సింది రాకముందే ముందు వచ్చినదాన్ని చూసి తీర్పు చెప్పడమే నేనంటున్న తొందర.

ఒళ్లు మనల్ని మోసం చేసే తీరు కూడా ఇక్కడ తెలుసుకోవాలి. తెగిన ఏసీఎల్ స్థానంలో వైద్యులు సాధారణంగా రోగి శరీరం నుంచే తీసిన స్నాయువు ముక్కను అమరుస్తారు. క్రీడాకారులకు చాలాసార్లు మోకాలి చిప్ప కింది నుంచి తీస్తారు. ఆ ముక్క కొత్త చోట రక్తనాళాలు పట్టి లిగమెంట్‌గా మారడానికి చాలా నెలలు కావాలి. మధ్యలో కొంతకాలం అది అమర్చిన రోజుకన్నా బలహీనంగా ఉంటుంది. వాపు తగ్గడం, నొప్పి పోవడం దానికి ఎంతో ముందే జరిగిపోతాయి. 22 ఏళ్ల కుర్రాడికి నొప్పి లేదంటే ఇక ఏమీ లేదనే అనిపిస్తుంది. ఈ విషయంలో ఓస్లో, డెలవేర్ పరిశోధకులు కలిసి చేసి 2016లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఏసీఎల్ శస్త్రచికిత్స తరవాత తొమ్మిది నెలల వరకూ, ఆటలోకి తిరిగి రావడాన్ని ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మోకాలు మళ్లీ గాయపడే రేటు 51 శాతం చొప్పున తగ్గిందని అందులో తేలింది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది రెండో సంగతి. కాలి బలం, గెంతులు వంటి పరీక్షలన్నీ నెగ్గాక ఆడినవాళ్లలో 5.6 శాతం మందికి మళ్లీ గాయమైతే, నెగ్గకుండానే ఆడినవాళ్లలో 38.2 శాతం మందికి అయింది. వాళ్లు 106 మంది, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఆటగాళ్లు కారు. లీగ్‌లో ఢీకొట్టే బలం ఇంకా ఎక్కువ, అందుకే ఆ హెచ్చరిక ఇక్కడ ఇంకా గట్టిగా వర్తిస్తుందని నా నమ్మకం.

ఓపిక పట్టిన జట్టుకు ఏం దక్కిందో డెట్రాయిట్‌ను చూస్తే తెలుస్తుంది. అలబామా రిసీవర్ జేమ్సన్ విలియమ్స్‌కు 2022 జనవరి 10న, కాలేజీ జాతీయ చాంపియన్‌షిప్ ఆటలో ఏసీఎల్ తెగింది. అయినా డెట్రాయిట్ లయన్స్ జట్టు డ్రాఫ్ట్‌లో పైకి ఎగబాకి మరీ 12వ స్థానంలో అతన్ని తీసుకుంది. డిసెంబరు 4 దాకా మైదానంలోకి దించలేదు. ఆ ఏడాది మొత్తం మీద అతను పట్టింది ఒకే ఒక్క బంతి. మొదటి రౌండ్‌లో ఇంత పెట్టి తెచ్చుకుని ఒక్క బంతా అని అడిగినవాళ్లు అప్పుడు లేకపోలేదు. 2024లో అదే విలియమ్స్ 58 బంతులు పట్టి 1,001 గజాలు సాధించాడు. అంతకుముందు జూలియో జోన్స్ కథ ఉంది. నేబర్స్‌లాగే ఆరో స్థానంలో, 2011లో అట్లాంటాకు వచ్చాడు. పాదం ఎముక విరిగి ఉండగానే డ్రాఫ్ట్ పరుగు పరిగెత్తిన మొండివాడు. 2013లో అదే పాదం మళ్లీ దెబ్బతిని ఐదు ఆటలతో అతని సీజన్ ముగిసింది. అప్పుడు అతని మీద పడిన ముద్ర కూడా గాయాల పుట్ట అనే. తరవాతి ఏడాది 1,593 గజాలు, 2015లో 136 బంతులు, 1,871 గజాలు. పాదానికి మానే వ్యవధి దొరికింది కాబట్టే ఆ అంకెలు వచ్చాయి.

దీనికి వెంటనే వచ్చే జవాబు ఏడ్రియన్ పీటర్సన్. మినసోటా రన్నింగ్ బ్యాక్ పీటర్సన్‌కు 2011 డిసెంబరు 24న ఏసీఎల్ తెగింది. తొమ్మిది నెలలు నిండకుండానే 2012 సీజన్ తొలి ఆటలో దిగాడు. ఆ ఏడాది 2,097 గజాలు పరిగెత్తి లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచాడు. గట్టి ఉదాహరణే, దాన్ని తోసిపుచ్చను. కానీ పీటర్సన్ పేరు పదేళ్లు దాటినా ప్రతి మోకాలి గాయం వేళా వినిపిస్తోందంటే, అలాంటివాడు మళ్లీ దొరకలేదనే కదా అర్థం. అదే వ్యవధిలో తిరిగొచ్చి సగం ఆటగాడిగా మిగిలినవాళ్ల పేర్లు ఎవరూ ఉదాహరణగా చెప్పరు. పైగా నా వాదన ఫలానా నెల దాకా ఆగమని కాదు. పరీక్ష నెగ్గిన ఒంటిని ఎవరూ ఆపనక్కర్లేదు. నెగ్గని ఒంటిని మాత్రం ఎన్ని నెలలైనా దించకూడదు. ఏడాది గడిచింది కదా అన్నది కూడా పరీక్ష నెగ్గడం కిందికి రాదు.

రెండో ఆక్షేపణ కొంచెం బాధ కలిగించేది. కొన్ని ఒళ్లు నిజంగానే తట్టుకోలేవేమో, ఎంత ఆగినా లాభం ఉండదేమో అంటారు. షికాగో 2015లో ఏడో స్థానంలో తీసుకున్న కెవిన్ వైట్‌ను చూపిస్తారు. పిక్క ఎముకలో పగులు వచ్చి తొలి సీజన్ మొత్తం పోయింది. 2016లో నాలుగు ఆటలకే కాలి ఎముక విరిగింది. 2017లో తొలి ఆటలోనే భుజం ఎముక విరిగింది. ఆ సీజన్లలో షికాగో తొందరపడిందని నేను అనలేను. ఆగినంత మాత్రాన దురదృష్టం తప్పుతుందని కూడా అనను. కానీ వైట్‌ను చూసి నేబర్స్‌ను అంచనా వేయడం కుదరదు. భుజం ఎముక విరగడం చూసి ఇంకొకరి మోకాలి గురించి ఏం చెప్పగలం? గతంలో గాయమైన చోట మళ్లీ గాయమయ్యే అవకాశం ఎక్కువన్నది నిజం. దానికి విరుగుడు ఆ చోటును పూర్తిగా బాగు చేసుకోవడమే. మన దగ్గరే చూడండి. వెన్ను బాధతో ఆసియా కప్‌కు దూరమైన జస్‌ప్రీత్ బుమ్రాను 2022 సెప్టెంబరులో ఆస్ట్రేలియా మీద ఆడించారు. 25న హైదరాబాద్ ఉప్పల్‌లో బౌలింగ్ చేశాక కొద్ది రోజులకే ఆ వెన్నే అతన్ని టీ20 ప్రపంచకప్‌కు దూరం చేసింది. శస్త్రచికిత్స చేయించుకుని 2023 ఆగస్టు దాకా ఆగి వచ్చినవాడు, 2024 టీ20 ప్రపంచకప్‌లో టోర్నీ ఉత్తమ ఆటగాడయ్యాడు. వెన్ను అదే, మనిషీ అతనే.

మరి ఆగడం మంచిదని అందరికీ తెలిసినా ఎందుకు ఆగరు? ఆగినందుకు మూల్యం కట్టేది ఎవరో చూస్తే తెలుస్తుంది. ఓడిపోతున్న జట్టు కోచ్‌కు వచ్చే ఏడాదంటూ ఉండదు. నేబర్స్ గాయపడిన సీజన్‌లోనే, నవంబరులో, జెయింట్స్ కోచ్ బ్రయన్ డేబోల్ ఉద్యోగం పోయింది. ఆటగాడి పరిస్థితి ఇంకా ఇరుకు. మొదటి రౌండ్‌లో ఎంపికైనవాడి తొలి ఒప్పందం నాలుగేళ్లు. ఐదో ఏటికి అతన్ని అట్టిపెట్టుకోవాలా వద్దా అన్నది మూడో సీజన్ ముగిశాక జట్టు తేలుస్తుంది. ఆ ఐదో ఏటి జీతం ప్రో బౌల్ అనే ఆల్‌స్టార్ ఆటకు ఎంపికల మీద, మైదానంలో ఎంత సేపు ఉన్నాడన్న లెక్క మీద మారుతుంది. పెద్ద ఒప్పందం మాట్లాడుకునే వీలు కూడా మూడు సీజన్లు పూర్తయ్యాకే. నేబర్స్‌కు ఆ మూడో సీజన్ 2026. అంటే మోకాలు ఇంకా సాధనలో ఉండే ఏడాదే అతని జీవితకాలపు సంపాదనకు ధర కట్టే ఏడాది. ఇలాంటి చోట నిలబెట్టి, నీ ఒంటి సంగతి నువ్వే చూసుకోమంటే ఏ కుర్రాడు మాత్రం ఇంకా సిద్ధంగా లేనని చెబుతాడు? గాయంతో పోయిన ఆటలను ఆ లెక్కలోంచి పూర్తిగా తీసెయ్యాలి. లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి కూర్చుంటే చేయగలిగిన పనే ఇది.

నేల సంగతి కూడా చెప్పాలి. నేబర్స్ మోకాలు మెట్‌లైఫ్ కృత్రిమ పచ్చిక వల్లే తెగిందని తేల్చలేం. 2022లో జెయింట్స్ రిసీవర్ స్టెర్లింగ్ షెపర్డ్‌కు అదే స్టేడియంలో, ఎవరూ తగలకుండానే ఏసీఎల్ తెగింది. తరవాతి ఏడాది అక్కడ కొత్త టర్ఫ్ పరిచారు. 2012 నుంచి 2018 దాకా లెక్కలు తీసి, టర్ఫ్ మీద ఎవరూ తగలకుండా అయ్యే కాలి గాయాల రేటు 28 శాతం ఎక్కువని ఆటగాళ్ల సంఘం చెప్పింది. ఈ మధ్య తేడా దాదాపు లేదని లీగ్ వాదిస్తోంది. లీగ్ మాటే నిజమనుకుందాం. అప్పుడు కూడా ఆడేవాళ్లు పచ్చగడ్డి కావాలని ఏళ్ల తరబడి అడుగుతుంటే కాదనడానికి గట్టి కారణం ఉండాలి. ఫిఫా షరతు పెట్టేసరికి, 2026 ప్రపంచకప్ ఫైనల్ కోసం అదే మెట్‌లైఫ్‌లో గడ్డి పరచడానికి ఒప్పుకున్నారు. కుదరనిదేమీ కాదన్నమాట.

న్యూజెర్సీలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ పుట్టి పెరిగిన పిల్లల్లో నేబర్స్ ఒకటో నంబరు జెర్సీ వేసుకు తిరిగేవాళ్లూ ఉంటారు. వాళ్లకూ, వాళ్లతో పాటు టీవీ ముందు కూర్చునే పెద్దలకూ నాదొక విన్నపం. అతను ఎప్పుడొస్తాడని అడగకండి. ఎంత వేగంగా పరిగెత్తుతున్నాడో చూసి సంబరపడకండి. నిండు వేగంలో ఉండగా ఎదుటివాడు అడ్డొస్తే, గాయపడిన కాలి మీద బరువు మోపి ఆగి తిరగగలుగుతున్నాడా అని అడగండి. లేదని జవాబొస్తే, అతను బెంచీ మీద కూర్చున్న ప్రతి ఆదివారాన్నీ జట్టు చేసిన మంచి నిర్ణయంగా లెక్కించండి.